తాసిల్దారు ఒంట్లో సున్నం

డాలీగంజ్,
పోర్ట్ బ్లెయిర్,
జూన్ 2012.

గురువమ్మ వదినా,

నా చేతిరాత చూసి ఉలిక్కిపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదట. నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు, నేను అరుస్తాను, పక్కింటివాళ్ళు ఏదో పోట్లాట అనుకుని గుమ్మంలోకి వస్తారు. అందుకే కాగితం తీశాను. అంగన్‌వాడీలో ఇన్నేళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి కదా, ఉత్తరం రాయడం ఇంకా మరిచిపోలేదు. నీ తుంటి ఎముక విరిగిందనీ, భీమిలిలో కొడుకు దగ్గరే మంచం మీద ఉన్నావనీ మొన్న ఓడ దిగిన అప్పలకొండ చెప్పాడు. విని కాసేపు పని చెయ్యలేకపోయాను. ఇప్పుడు లేచి నడుస్తున్నావా?

నేను రాస్తున్నది మాత్రం పిల్లి గురించి. తిట్టుకుంటావని తెలుసు, అయినా రాస్తాను. నీ తమ్ముడు పెంచిన తాసిల్దారు ఇంకా ఉన్నాడు వదినా. పదమూడేళ్ళు దాటాయి వాడికి. వల విప్పి చేపలు గంపలోకి వేసేలోపు తయారై, వాటా వసూలు చేసుకునే దాకా కదిలేవాడు కాదని ఆ పేరు పెట్టారు. "ఒరే తాసిల్దారూ, ముందు నీ శిస్తు అట్టుకో, తరవాతే బజారు" అని మొదటి చేప వాడికి వేసేవారు. ఆయన లేకపోయినా నేను ఆ పద్ధతి మానలేదు. చేపలమ్మే తవిటమ్మ రోజూ గుమ్మంలో గంప దించితే, నాకన్నా ముందు వాడికి ఒక నెత్తలి పడాల్సిందే.

అలాంటివాడు ఈ వేసవిలో చేప వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. తిన్నదంతా కక్కేవాడు. కుండలో నీళ్ళన్నీ తాగి, మళ్ళీ కుళాయి దగ్గర కూర్చునేవాడు. నిమిరితే వెన్నుపూసలు చేతికి గుచ్చుకునేవి. ముసలితనం, బలం తగ్గింది అనుకుని మన ఇళ్ళల్లో బాలింతలకి చేసినట్టే చేశాను. ఎండు నెత్తళ్ళు ముళ్ళతో సహా వేయించి, దంచి, ఆ పొడి గంజిలో కలిపి పట్టాను. ముళ్ళలోనే కదా బలమంతా అని మా అమ్మ చెప్పేది. వాడు ఇంకా నీరసించాడు. ఇక లాభం లేదని గంపలో పెట్టుకుని, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ బెంగాలీ పిల్ల, పేరు మండల్. పంతొమ్మిది వందల యాభైల్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి రంగత్ దగ్గర అడవి కొట్టుకుని పొలం చేసుకున్నవాళ్ళ మనవరాలట. రక్తం తీసి ఐసు డబ్బాలో పెట్టి విమానంలో చెన్నై పంపింది. రిపోర్టు రాగానే నన్ను కూర్చోబెట్టి, "ఆంటీజీ, ఇస్‌కే ఖూన్ మే కాల్షియం బహుత్ జ్యాదా హై" అంది. కాల్షియం అంటే సున్నమే కదా వదినా. ఎముకలో ఉండేది, ముళ్ళలో ఉండేది, మన ఒడ్డున గవ్వల్లో, పగడపు రాళ్ళలో ఉండేది. అది వాడి నెత్తుట్లో ఎక్కువైందట. నేను దంచి పట్టిన ముళ్ళ పొడి కళ్ళ ముందు మెదిలింది.

డాక్టరమ్మ నా మొహం చూసి నీళ్ళిచ్చింది. ఆ పొడి మానెయ్యమంది, కానీ అదొక్కటే ఇంత చేయదంది. ఎందుకు చేయదు అని అడిగితే ఒక సంగతి చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాకు అదో మైకంగా ఉంది. గుండె కొట్టుకోవాలన్నా, కాలు కదపాలన్నా, తెగినచోట నెత్తురు గడ్డకట్టాలన్నా ఆ సున్నం రక్తంలో ఉండాలట. కాస్త ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. అందుకని గొంతు పక్కన నువ్వుగింజలంత గ్రంథులు కాపలా కూర్చుంటాయట. తగ్గితే ఎముకల్లోంచి తెప్పిస్తాయి, పెరిగితే ఊరుకుంటాయి. మనం నిద్రపోయినా అవి నిద్రపోవు. "నాక్కూడా ఉన్నాయా?" అన్నాను. "మీకూ, నాకూ, వీడికీ" అంది. ఇంటికొచ్చి నా గొంతు నేనే తడుముకున్నాను. అరవై ఏళ్ళుగా ఎవరో నా కోసం ఇంత పని చేస్తుంటే నాకు తెలియనే లేదు.

ఇప్పుడు వాడికి చేప బంద్. కోడిమాంసం ఉడికించి, అందులో గుమ్మడికాయ మెదిపి పెడుతున్నాను. తవిటమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏటి దీదీ, జాలరోళ్ళింట్లో పిల్లికి చికెనా? మీ తాసిల్దారుకి పిరమోషన్ గానీ వొచ్చిందా ఏటి?" అని వీధంతా వినిపించేలా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం అలాగే ఉంది. ఎక్కడో గడ్డ ఉంటే అలా అవుతుందట, మూత్రపిండాలు చెడినా అవుతుందట, ఆ నువ్వుగింజలే చెడినా అవుతుందట. అన్నీ వెతకాలి.

ఇదంతా నీకే ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. వాడు పోతే, నీ తమ్ముడి చేతి తిండి తిన్న ప్రాణి ఈ ఇంట్లో నేను తప్ప ఇంకోటి ఉండదు.

నీ ఆరోగ్యం గురించి రెండు ముక్కలు రాయి.

నీ మరదలు,
ఎరుకమ్మ


భీమిలి,
జూలై.

ఎరుకమ్మా,

నీ ఉత్తరం అందింది. మనవరాలు చదువుతానంది గానీ నేనే కళ్ళజోడు పెట్టుకుని చదువుకున్నాను.

నడుస్తున్నాను. కర్ర ఉంది. నా ఎముకలు గుల్లబారిపోయాయట, అందుకే గుమ్మం తగిలి పడితేనే విరిగింది. దానికి రోజూ ఒక బిళ్ళ. అలెండ్రోనేట్ అని డబ్బా మీద ఉంటుందని పిల్ల చెప్పింది. మహా పొగరుబోతు బిళ్ళ. పరగడుపున గ్లాసుడు నీళ్ళతో మింగాలి, అరగంట నడుం వాల్చకూడదు, టీ చుక్క తాగకూడదు. కొడుకు ఒకేసారి బోలెడన్ని తెచ్చి బీరువాలో పడేశాడు.

నా తమ్ముడు వెళ్ళి పన్నెండేళ్ళయింది. నువ్వు ఉత్తరం రాసింది ఇదే మొదలు. అందులో రెండు ముక్కలు నా గురించి, మిగతా కాగితమంతా ఆ పిల్లి గురించి. దాన్ని ఇన్నాళ్ళు సాకుతున్నావని తెలియదు. తెలియకుండా ఉంటేనే బాగుండేది.

గురువమ్మ


డాలీగంజ్,
ఆగస్టు.

వదినా,

నీ ఉత్తరానికి కోపం వచ్చింది. చింపేద్దామనుకుని, చింపకుండా రెండోసారి చదివాను. చదివితే అందులో బిళ్ళ పేరు కనపడింది, అప్పుడు కూలబడిపోయాను. ఎందుకో చెబుతాను. ముందు వరసగా చెప్పనీ, లేకపోతే నాకు రాయడం రాదు.

అన్నీ వెతికారు. రొమ్ముకీ పొట్టకీ ఎక్స్‌రే తీశారు, గడ్డ లేదు. మూత్రపిండాలు ప్రస్తుతానికి బాగున్నాయి. ఆ నువ్వుగింజల సంగతి తెలుసుకోవడానికి మళ్ళీ రక్తం చెన్నై వెళ్ళింది. అవి తప్పు చేయలేదు, సున్నం ఎక్కువైంది కాబట్టి బుద్ధిగా ఊరుకుని ఉన్నాయట. చేప మాన్పించి కోడీ గుమ్మడీ పెట్టినా సున్నం దిగలేదు. అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి, డాక్టరమ్మ చేతులు ముడుచుకుని నా వైపు చూసింది. "ఆంటీజీ, వజహ్ నహీ మిలీ, కారణం దొరకలేదు. వయసు మళ్ళిన పిల్లుల్లో కొన్నిటికి ఇలా అవుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. నాకే కాదు, పెద్ద పెద్ద దేశాల్లో కూడా కిసీకో నహీ మాలూమ్" అంది.

నేను నమ్మలేదు. "నేను పెట్టిన ముళ్ళ పొడి వల్ల కాదా?" అన్నాను. కాదంది. "ఇన్నేళ్ళూ రోజూ వేసిన చేప వల్ల?" కాదు. "మా బావి నీళ్ళ వల్ల? నేను వాడికి ముందే వైద్యం చేయించకపోవడం వల్ల?" ఆ పిల్ల లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆప్‌కీ గల్తీ నహీ హై. బిల్లీకీ భీ నహీ" అంది. నీ తప్పు కాదు, పిల్లి తప్పూ కాదు అని. వదినా, చదువుకున్న మనిషి అంత నిదానంగా, ఏ సిగ్గూ లేకుండా తెలియదు అని చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. పిల్లి కోసం అనుకుని ఆమె వీపు నిమిరింది. పిల్లి కోసం కాదు.

ఇక అసలు సంగతి రాస్తాను. నీ తమ్ముడు తిరిగి రానప్పుడు గాలి లేదు, వాన లేదు. వండూరు అవతల ఆయన డింగీ పడవ బోల్తా పడకుండా తేలుతూ దొరికింది. వల మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఈత రానివాడా అంటే చాతం నుంచి అవతలి ఒడ్డున ఉన్న బంబూఫ్లాట్‌కి పందెం కట్టి ఈదిన మనిషి. పోలీసులు తాగి పడిపోయాడన్నారు, ఆయన తాగరని నీకూ తెలుసు. ఒకళ్ళు మొసలి అన్నారు, ఒకళ్ళు గుండె ఆగిందన్నారు, ఇంకొకళ్ళు గంగమ్మకి మొక్కు ఎగ్గొట్టామన్నారు. నువ్వు ఒడ్డున అందరి ముందూ నా భుజాలు పట్టుకుని కుదిపేశావు. "ఆ పిల్లి ఎదురొచ్చింది. వాడు బయలెల్తంటే ఎదురొచ్చింది. దాన్ని గుమ్మంలో తొంగోబెట్టింది నువ్వే. నా తమ్ముణ్ణి నువ్వే సముద్రంలో కలిపేసినావు" అన్నావు. తరవాతి ఓడకి భీమిలి వెళ్ళిపోయావు.

నేను అప్పుడు నోరెత్తలేదు. ఇన్నేళ్ళూ ఎత్తలేదు. నోరెత్తకపోవడానికి కారణం నీ మీద గౌరవం అనుకున్నావేమో. కాదు, నాకే అనుమానం ఉండేది. వాడు ఆయనకి ఎదురు రావడం నా కళ్ళతో చూశాను. తాసిల్దారు నా ఒళ్ళోకి వచ్చి పడుకున్నప్పుడల్లా వాణ్ణి నిమురుతూనే, నువ్వేనా అని మనసులో అడిగేదాన్ని. తిండి పెట్టాను, దుప్పటి కప్పాను, ఆ మాట మాత్రం అడుగుతూనే ఉన్నాను. పాపం వాడికేం తెలుసు, గురగురమనేవాడు.

ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తూ ఉంటే ఒక మాట తట్టింది. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళు ఎందుకు తట్టలేదో. వాడు ఆ ఒక్క పొద్దునే కాదు, రోజూ ఎదురొచ్చేవాడు. పిల్లగా ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన వల భుజాన వేసుకోగానే ఎదురు పరుగెత్తి కాళ్ళకి అడ్డం పడేవాడు. ఆయన వంగి చెవి మెలిపెట్టి, దాటుకుని వెళ్ళేవారు. రోజూ తిరిగొచ్చేవారు, గంప నిండా చేపలతో. ఆ పొద్దుల్ని అప్పట్లో మాతోనే ఉన్న నువ్వూ చూశావు, నేనూ చూశాను. వాటిని మనిద్దరం లెక్కలోకే తీసుకోలేదు.

మరి ఎందుకు పోయారు అంటావా? తెలియదు. ఈ మాట రాస్తుంటే చెయ్యి తేలిగ్గా ఉంది. మన మీద ఇంత ఆకాశం ఉంది, చుట్టూ ఇంత నీళ్ళున్నాయి, మన గొంతులోనే మనకి తెలియని కాపలావాళ్ళున్నారు. ఇన్నిట్లో మనకి తెలిసింది ఏపాటి? సాయంత్రం తాసిల్దారుని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. వాడి రొమ్ము మీద చెయ్యి వేస్తే గుండె టకటకమంటోంది. ఆ సున్నంతోనే కొట్టుకుంటోంది, ఆ సున్నమే వాడిని తినేస్తోంది. భయం వెయ్యలేదు. గుడిలో తలుపు తీసినప్పుడు నోట మాట రాదు చూడు, అలా కూర్చుండిపోయాను.

కారణం తెలియకపోయినా మందు ఉందట. అదే నన్ను కూలబడేసింది. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకి ఇచ్చే బిళ్ళే వీడికీ ఇస్తారు. అలెండ్రోనేట్. నీ బీరువాలో ఉన్నదే వదినా. ఎముకల్లో సున్నాన్ని బయటికి పోనివ్వకుండా ఆపుతుందట. నీకు ఎముకలో నిలవాలి, వీడికి నెత్తుట్లోకి రాకూడదు, రెండిటికీ ఒకటే బిళ్ళ. నీకు రోజూ, వీడికి వారానికొకటి. డబ్బా మీద పది అని అంకె ఉండేదే కావాలి, పెద్దది కాదు, విరిచి వేయడానికీ వీల్లేదు. నీ బిళ్ళ తన పొగరంతా ఇక్కడా చూపించింది. ముందు రాత్రి నుంచి వాడికి పస్తు. బిళ్ళ వేశాక సిరంజితో నీళ్ళు పట్టి, గొంతులో అతుక్కోకుండా ముక్కుకి వెన్న రాయాలి. వాడు ఆ వెన్న నాక్కుంటూ మింగుతాడు, బిళ్ళ దిగుతుంది. ఆ తరవాత కూడా చాలాసేపు తిండి పెట్టకూడదు. వాడు పస్తుండగా నేను టీ తాగలేక నేనూ మానేశాను. ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం.

డాక్టరమ్మ తన దగ్గరున్న కాసిని బిళ్ళలు ఇచ్చింది. సున్నం దిగడం మొదలైంది. మొన్న వాడు కుక్కని చూసి ఒళ్ళు ఉబ్బించాడు, అంత పౌరుషం చూసి ఎన్నాళ్ళయిందో. కానీ బిళ్ళలు అయిపోయాయి. ఊళ్ళో మందుల షాపులన్నీ తిరిగాను, పెద్దది ఉంది గానీ ఈ పదిది లేదు. చెన్నై సరుకు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదు. మధ్యలో ఆపితే మళ్ళీ ఎక్కుతుందనీ, ఈసారి మూత్రపిండాలు తట్టుకోవనీ డాక్టరమ్మ అంది.

కాబట్టి అడుగుతున్నాను. నీ బీరువాలోంచి కాసిని బిళ్ళలు పంపు వదినా. ఏ పిల్లి నీ తమ్ముడి ప్రాణం తీసిందని నువ్వు అన్నావో ఆ పిల్లి ప్రాణం కోసమే అడుగుతున్నాను. ఇష్టం లేకపోతే పంపకు, జవాబు కూడా రాయకు. నేను అర్థం చేసుకుంటాను. అడగకుండా మాత్రం ఉండలేను.

నీ మరదలు,
ఎరుకమ్మ


భీమిలి,
ఆగస్టు.

ఎరుకమ్మా,

బిళ్ళలు పంపడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం తినలేదు. కోడలు ఒంట్లో బాగులేదా అంది, దాని మీద కసురుకున్నాను. కర్ర పట్టుకుని ఒడ్డు దాకా పోయి కూర్చున్నాను. ఇక్కడికి వచ్చాక సముద్రం వైపు మొహం పెట్టి కూర్చోలేదు నేను. వీధిలోకి వెళ్ళాలన్నా వెనక సందులోంచే వెళ్ళేదాన్ని. ఈ నీళ్ళూ ఆ నీళ్ళూ ఒకటే కదా.

కూర్చుని నువ్వు రాసిన పొద్దుల్ని తలుచుకున్నాను. నిజమే. రోజూ తమ్ముడి కాళ్ళకి అడ్డం పడేది. నేను పొయ్యి దగ్గర నుంచి "ఒరే, పిల్లెదురొచ్చింది, కూకుని కాసిని నీళ్ళు తాగి ఎల్లరా" అనేదాన్ని. "రోజూ కూకుంటే చేపలు నువ్వు పడతావేటే అప్పా" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇన్నేళ్ళు నాకు గుర్తు రాలేదు. వాడి ముఖం తలుచుకుందామంటే ఖాళీ డింగీయే కనపడేది. మొన్న ఒడ్డున కూర్చుంటే వాడు నవ్వుతూ కనపడ్డాడు, పై పన్ను కొంచెం విరిగి, అచ్చం అలాగే. ఎంతసేపు చూశానో. పెద్దబ్బాయి వచ్చి లేవదీస్తే గానీ లేవలేదు.

నా డాక్టరుని అడిగాను, నా ఎముకలు ఎందుకు గుల్లబారాయి అని. వయసమ్మా అన్నాడు. పక్కింటి బుల్లమ్మ నాకన్నా పెద్దది, నిండు బిందె చంకనెత్తుకుని మెట్లెక్కుతుంది. దాని ఎముకలు ఎందుకు గుల్లబారలేదు అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. మీ బెంగాలీ పిల్లే నయం.

ఎవరో ఒకరి మెడ పట్టుకోకపోతే ఆ రోజు నేను బతికేదాన్ని కాదు ఎరుకమ్మా. సముద్రానికి మెడ లేదు. నీకుంది, ఆ పిల్లికుంది. ఇంతకన్నా రాయడం నాకు చేత కాదు.

బిళ్ళలు ఎందుకు పంపడం లేదంటే, నేనే పట్టుకొస్తున్నాను. పోస్టులో వేస్తే తడిసిపోతాయో, ఎవరి బల్ల సొరుగులో పడతాయో. పైగా ఈ బిళ్ళ ఎలా మింగించాలో నాకు తెలిసినంత నీకు తెలియదు. కొడుకు వద్దన్నాడు, ఓడలో కాలు జారితే అన్నాడు. జారితే జారనీ అన్నాను. విశాఖపట్నంలో టికెట్టు తీయించాను. వచ్చే ఓడకి మా వీధి తాతబ్బాయి కుటుంబం అక్కడికి వస్తోంది, వాళ్ళతో వస్తాను. ఈ ఉత్తరం విమానంలో ముందే నీకు చేరుతుంది. డబ్బా మీద పది అనే ఉంది, పిల్ల చేత చదివించాను. నా రోజులకీ వాడి వారాలకీ సరిపోతాయి. పస్తు మాత్రం ముగ్గురం కలిసే ఉందాం.

హడ్డో జెట్టీకి నువ్వు రా. ఆ తాసిల్దారుని గంపలో పెట్టుకుని రా. నేను మెట్లు దిగి నేల మీద కాలు పెట్టేసరికి గంప మూత తీసి వదిలెయ్యి. ముందు వాడే నాకు ఎదురు రావాలి.

నీ వదిన,
గురువమ్మ